దిబ్బ తొలగినా దాని చరిత్ర దస్తావేజులో ఉండాలి

సంపాదకులకు,

ఆర్యా,

పెరుంగుడి, కొడుంగైయూర్ డంపింగ్ యార్డుల్లో దశాబ్దాలుగా పేరుకున్న చెత్తను జల్లించి తొలగిస్తున్న పనుల గురించి మీ చెన్నై ఎడిషన్‌లో వస్తున్న వార్తలను శ్రద్ధగా చదువుతున్నాను. ‘ఇన్ని ఎకరాల స్థలం తిరిగి చేతికి వచ్చింది’ అన్న మాట కనిపించిన ప్రతిసారీ నాకు సంతోషంతో పాటు కొంత కలవరం కూడా కలుగుతోంది. స్థలానికి ఇంత గిరాకీ ఉన్న నగరంలో, చేతికి వచ్చిన నేల మీద నేడో రేపో భవనాలు లేపాలన్న ఆలోచన రాకుండా ఉండదు. అప్పుడు అక్కడ ఫ్లాటు కొనుక్కునేవారికి గానీ, అద్దెకు దిగేవారికి గానీ, ప్రభుత్వం కేటాయిస్తే వచ్చి చేరే పేదవారికి గానీ, ఆ నేల నిన్నటిదాకా ఏమిటో చెప్పే కాగితం ఒక్కటీ చేతిలో ఉండదు. ఆ కాగితం గురించే ఈ ఉత్తరం.

నేను పుట్టి పెరిగింది వ్యాసర్పాడిలో. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి బతుకుతెరువు కోసం మదరాసు వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఉత్తర చెన్నైలో ఎన్నో ఉన్నాయి. మాదీ వాటిలో ఒకటి. అలా వచ్చినవారిలో చాలామంది పారిశుద్ధ్య పనిలో చేరారు. ఈ నగరపు చెత్తను తెల్లవారుజామున ఊడ్చి, ఎత్తి, లారీలకెక్కించిన చేతుల్లో తెలుగువారి చేతులు తక్కువేమీ కావు. మా వీధి పెద్దలు కొడుంగైయూర్ యార్డును ‘దిబ్బ’ అనేవారు. మా ఇళ్ళల్లో ఇప్పటికీ అదే మాట. వేసవిలో దిబ్బ అంటుకున్న రాత్రి మా అమ్మ తడిగుడ్డలు కిటికీ సందుల్లో కుక్కి మమ్మల్ని పడుకోబెట్టేది. తరవాత నేను నేల పరీక్షలు చేసే ఒక ప్రైవేటు సంస్థలో చేరి, 30 ఏళ్ళకు పైగా బోరు పనులు పర్యవేక్షించి రిటైరయ్యాను. అందుచేత దిబ్బ పైభాగమూ, నేల లోపలి భాగమూ రెండూ నాకు కొంత తెలుసు.

పెరుంగుడి యార్డు సుమారు 225 ఎకరాల మేర, పళ్ళికరణై చిత్తడి నేలను పూడ్చుకుంటూ పెరిగింది. ఆ చిత్తడి నేలకు 2022లో, అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలలకు ఇచ్చే రామ్‌సర్ గుర్తింపు లభించింది. అదే ఏడాది ఏప్రిల్ చివర్లో యార్డు అంటుకుని చుట్టుపక్కల వారిని రోజుల తరబడి పొగలో ముంచింది. కొడుంగైయూర్ యార్డు సుమారు 250 ఎకరాలు, తొలగింపు పని మొదలయ్యేనాటికి అందులోని పాత చెత్త 66 లక్షల టన్నులకు పైమాటే. ఈ రెండు చోట్లా చెత్త పోయడం మొదలుపెట్టినప్పుడు అడుగున ఏ రక్షణ పొరా పరచలేదు. వట్టి నేల మీదే పోశారు. అంటే ఇన్ని దశాబ్దాల వానలకు చెత్తలోంచి దిగిన నల్లటి ఊట, ఇంజనీర్లు లీచేట్ అనే ద్రవం, కొంత పక్క కాలువల్లోకి పోగా మిగిలినదంతా కింది మట్టిలోకే ఇంకింది.

ఇప్పుడు జరుగుతున్న బయోమైనింగ్ అవసరమైన పని, నేను దానికి వ్యతిరేకిని కాను. చెత్తను తవ్వి, వరుసలుగా పేర్చి, సూక్ష్మజీవుల ద్రావణం చల్లి, తడి ఆరాక గుండ్రంగా తిరిగే పెద్ద జల్లెడల్లో పోస్తారు. కాలే సరుకును ఆర్‌డీఎఫ్ పేరుతో సిమెంటు ఫ్యాక్టరీలకు పంపుతారు, రాళ్ళూ పెంకులూ ఒక పక్కకు పోతాయి, చివరికి నల్లటి మెత్తని మట్టి మిగులుతుంది. 2019లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. 2021 అక్టోబరులో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో దశ దేశమంతటా పాత దిబ్బల తొలగింపును ఒక లక్ష్యంగా పెట్టుకుంది. ఇదంతా మంచిదే. అయితే ఈ పనిలో లెక్కలన్నీ ఎత్తిన చెత్తకు సంబంధించినవి: ఎన్ని టన్నులు జల్లించారు, ఎన్ని ఎకరాలు ఖాళీ అయ్యాయి అన్నవే. ఖాళీ అయిన నేల కింద 2 మీటర్లలో, 5 మీటర్లలో, 10 మీటర్లలో మట్టి ఎలా ఉంది, నీరు ఎలా ఉంది, ఏ వాయువు ఎంత పాళ్ళలో వస్తోంది అన్న లెక్కలు మామూలు మనిషి చదివే చోట కనిపించవు. పైన చదునుగా, శుభ్రంగా కనిపించే స్థలాన్ని చూసి అంతా అయిపోయిందనుకుంటే, మన పెద్దలు చెప్పిన ‘పైన పటారం లోన లొటారం’ సామెతకు అంతకంటే సరైన ఉదాహరణ దొరకదు.

వాయువు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పూడుకుపోయిన చెత్త గాలి తగలకుండా కుళ్ళినప్పుడు వచ్చే వాయువులో దాదాపు సగం మీథేన్, మిగిలిన సగంలో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్. మీథేన్‌కు వాసన లేదు, రంగు లేదు. గాలిలో దాని పాలు 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ చాలు, పేలుతుంది. అది పుట్టిన చోటే ఉండిపోదు, మట్టిలోని ఇసుక పొరల వెంటా, కేబుళ్ళూ పైపులూ వేసిన కందకాల వెంటా పక్కకు నడిచి, ఎక్కడ మూసిన గది దొరికితే అక్కడ పోగవుతుంది. 1986 మార్చి 24న ఇంగ్లండులోని లాస్కో అనే ఊళ్ళో ఒక ఇల్లు పొద్దున్నే పేలిపోయి అందులోని ముగ్గురు తీవ్రంగా గాయపడ్డారు. ఆ ఇల్లు చెత్త మీద కట్టినది కూడా కాదు. పక్కనే ఇటుకల మట్టి తవ్విన పాత గోతిని చెత్తతో పూడ్చి, నాలుగేళ్ళ కిందట మూసేశారు. ఆ రాత్రి వాతావరణ పీడనం హఠాత్తుగా పడిపోవడంతో నేలలో నిలిచిన వాయువు ఒక్కసారిగా బయటకు వచ్చి ఇంటి అడుగున చేరిందని విచారణలో తేలింది.

ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు మన చెన్నై తుపానులే గుర్తుకొస్తాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు పెరుంగుడి, పళ్ళికరణై ప్రాంతాలు ఎలా మునిగాయో అందరం చూశాం. తుపాను సమయంలో రెండూ ఒకేసారి జరుగుతాయి: పీడనం పడిపోతుంది, భూగర్భ నీటిమట్టం పైకి లేస్తుంది. లేచిన నీరు మట్టి రంధ్రాల్లోని వాయువును పైకీ పక్కలకీ నెడుతుంది. అదే సమయంలో జనం తలుపులూ కిటికీలూ బిగించుకుని, కరెంటు పోయి, కొవ్వొత్తులు వెలిగించుకుని ఇళ్ళల్లో కూర్చుంటారు. అందుకే ఎండాకాలంలో ఒక వారం వాయువు కొలిచి ‘ఏమీ లేదు’ అని రాసిన నివేదికను నేను నమ్మలేను. ఈ ఊళ్ళో కొలవవలసింది తమిళుల ఐప్పసి, కార్తిక మాసాల్లో, అంటే అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా. కనీసం రెండు ఈశాన్య రుతుపవనాల కాలం, పీడనం పడిన రోజుల్లో కూడా, కొలిచిన లెక్కలు ఉండాలి.

ఇక నేల దిగబాటు. చెత్త కుళ్ళేకొద్దీ కుంగుతుంది, అంతటా ఒకేలా కుంగదు. భవనం ఒక మూల ఒక అంగుళం, మరో మూల నాలుగు అంగుళాలు దిగితే గోడలు ఏటవాలుగా పగులుతాయి, డ్రైనేజీ పైపులు వెనక్కి వాలతాయి. ‘పైల్స్ (గట్టి నేల తగిలేదాకా లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) వేస్తే సరిపోతుంది కదా’ అని బిల్డర్లు అంటారు. భవనం వరకూ అది నిజమే. అయితే చెత్త పొరనూ, దాని కిందనున్న బంకమట్టినీ చీల్చుకుంటూ దిగిన ప్రతి పైల్ పక్కనా, పైనున్న ఊట కింది నీటిలోకి దిగడానికీ, కింది వాయువు పైకి రావడానికీ ఒక దారి ఏర్పడే ప్రమాదం ఉంది. పైగా పైల్స్ మీద భవనం నిలిచినా చుట్టూ నేల దిగిపోతే గ్యాసు, నీటి, మురుగు పైపులు భవనంలోకి వెళ్ళే చోటే తెగుతాయి. మన పాత వాస్తు గ్రంథాల్లో స్థలపరీక్ష ఒకటి ఉంది: గొయ్యి తవ్వి, అదే మట్టితో తిరిగి పూడ్చాలి, మట్టి మిగిలితే ఆ స్థలం మంచిది, చాలకపోతే వదిలేయాలి. తవ్వినప్పుడు ఎముకలు, బొగ్గులు, బూడిద, వెంట్రుకలు తగిలితే దాన్ని శల్యదోషమని, అవన్నీ తీసేదాకా పునాది వేయకూడదన్నారు. నేల గట్టిదనాన్ని సుత్తి దెబ్బల లెక్కలో చెప్పే ఎన్-వాల్యూలు, చార్టులు లేని రోజుల్లో గట్టి నేలనూ పూడ్చిన నేలనూ వేరు చేయడానికి పెద్దలు పెట్టుకున్న పద్ధతి అది. ముహూర్తం విషయంలో వాస్తును ఇంత పట్టించుకునే మనం, నేల విషయంలో ఆ ఒక్క ముక్కనూ మరిచిపోయాం.

నా కళ్ళారా చూసినది ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట, నగరానికి దక్షిణాన ఒక పల్లపు స్థలంలో మూడంతస్తుల అపార్ట్‌మెంటు కోసం బోరు వేయడానికి వెళ్ళాం. పైన ఎర్రమట్టి పోసి చదును చేశారు. బోరు గొట్టం మీద 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడతాయో లెక్కపెట్టడం మా పని. మూడు మీటర్ల లోతులో మూడు దెబ్బలకే దిగిపోయింది. అదే లోతులో పది అడుగుల అవతల వేసిన రెండో బోరులో 50 దెబ్బలు కొట్టినా కదల్లేదు, ఏ కాంక్రీటు పెచ్చుకో తగిలింది. గొట్టం పైకి తీసి రెండు చెక్కలుగా విప్పితే, నల్లటి బురదలో కొబ్బరి పీచు, ఒక షేవింగ్ బ్లేడు, మడత పడిన పాల కవరు కనిపించాయి. కవరు మీద అచ్చు చెదరలేదు, చదవగలిగాను. కుళ్ళిన గుడ్డు వాసన గుప్పున కొట్టి మా హెల్పరు కుర్రాడు వెనక్కి జరిగాడు. ఎప్పుడో ఎవరో ఆ పల్లాన్ని చెత్తతో పూడ్చి, మీద మట్టి కప్పారు.

ఆ రోజు నేను రాసిన ఫీల్డు లాగులో, అంటే బోరు దగ్గరే ఎప్పటికప్పుడు రాసే నమోదులో, ఇవన్నీ ఉన్నాయి. ఆఫీసులో తయారైన నివేదికలో మాత్రం ఆ పొర దగ్గర మూడే మాటలు మిగిలాయి: ‘ఫిల్డ్ అప్ సాయిల్’, అంటే పూడ్చిన మట్టి. అబద్ధం కాదు, నిజమూ కాదు. పునాది ఆ పొర దాటి కిందికి వెళ్ళాలని నివేదిక చెప్పింది, బిల్డరు అలాగే కట్టాడు. వాయువు గురించి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. కొన్నేళ్ళ తరవాత అదే అపార్ట్‌మెంటులో కింది అంతస్తులో ఫ్లాటు కొన్న మా దూరపు బంధువు, రిటైరైన బడిపంతులు, నన్ను తీసుకెళ్ళి సంపు మూత తెరిచి చూపించారు. నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల తెట్టు, ఆ రోజు బోరులో వచ్చిన వాసనే. ప్రహరీ గోడ రోడ్డు వైపు ఒరిగి ఉంది. ‘ఏం నాయనా, ఈ సంగతి నీకు ముందే తెలుసటగా?’ అని మాత్రం అడిగారు ఆయన. కోపంగా అడగలేదు. నాకు తెలుసు. నా సంతకం ఆ లాగు మీద ఉంది. కానీ ఆ లాగు ఆయన చేతికి వచ్చే దారి ఏదీ లేదు. ఆయన బ్యాంకు లోను కోసం 30 ఏళ్ళ ఈసీ (ఆస్తి లావాదేవీలు, తాకట్టులు చూపే రిజిస్ట్రేషన్ శాఖ పత్రం) తీయించారు, లాయరు చేత మూలపత్రాలు చూపించారు, పట్టా సరిచూశారు. ఆ స్థలాన్ని ఎవరు ఎవరికి అమ్మారో, ఏ బ్యాంకులో తాకట్టు పెట్టారో అన్నీ ఆ కాగితాల్లో ఉన్నాయి. దాని కడుపులో ఏముందో మాత్రం లేదు.

కాగితంలో ఒకసారి రాసినంత మాత్రాన సరిపోదని కూడా చరిత్ర చెబుతోంది. అమెరికాలో నయాగరా ఫాల్స్ అనే ఊళ్ళోని లవ్ కెనాల్ అనే పాత కాలువలో ఒక రసాయన కంపెనీ 1942 నుంచి సుమారు 21,000 టన్నుల వ్యర్థాలను పూడ్చి, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్థానిక పాఠశాల బోర్డుకు ఇచ్చేసింది. ఆ దస్తావేజులోనే, కింద రసాయన వ్యర్థాలున్నాయని, జరగబోయే హానికి తమ బాధ్యత లేదని రాసుకుంది. బోర్డు అక్కడ బడి కట్టింది, చుట్టూ ఇళ్ళు లేచాయి. మొదటి దస్తావేజులో ఉన్న ఆ వాక్యం తరవాత ఇళ్ళు కొన్న కుటుంబాల దాకా రాలేదు. 1978లో అధ్యక్షుడు అత్యవసర పరిస్థితి ప్రకటించి, వందల కుటుంబాలను ఖాళీ చేయించవలసి వచ్చింది. ఆ అనుభవంతోనే 1980లో వారు కలుషిత స్థలాల శుద్ధికి ప్రత్యేక చట్టం తెచ్చుకున్నారు. మన నగర చెత్త ఆ రసాయనాలంత విషం కాకపోవచ్చు. కానీ అక్కడ కుటుంబాలను ముంచినది విషం ఒక్కటే కాదు, ఆ వాక్యం చేతులు మారే దస్తావేజులతో పాటు నడవకపోవడం కూడా.

మన దేశంలోనూ దీని గురించి ఆలోచన లేకపోలేదు. 2000లో వచ్చిన చెత్త నిర్వహణ నియమాల్లోనూ, వాటి స్థానంలో 2016లో వచ్చిన నియమాల్లోనూ, మూసిన ల్యాండ్‌ఫిల్‌ను (చెత్త పూడ్చిన స్థలాన్ని) 15 ఏళ్ళపాటు కనిపెట్టి ఉండాలని, వాయువూ ఊటా నిర్దేశించిన ప్రమాణాలకు లోబడి ఉన్నాయని తేలాకే అక్కడ జనావాసం గురించి ఆలోచించాలని స్పష్టంగా రాశారు. నా భయమంతా, ‘చెత్తే తీసేశాం, ఇక ఇది ల్యాండ్‌ఫిల్ ఎలా అవుతుంది’ అన్న వాదనతో ఆ 15 ఏళ్ళ జాగ్రత్త చప్పున పక్కకు పోతుందేమోనని. తీసినది చెత్తను. ఊట ఇంకిన మట్టి ఉన్నచోటనే ఉంది.

కాబట్టి నేను కోరేది ఇది. ఏ పాత యార్డు ఏ సర్వే నంబర్లలో ఉండేదో, ఎంత లోతున చెత్త ఉండేదో, ఎప్పుడు తీశారో, తీసిన తరవాత మట్టి, నీరు, వాయువు పరీక్షల్లో ఏం వచ్చిందో ఆ సర్వే నంబరు ఈసీలోనే శాశ్వతంగా నమోదు చేయాలి. రిజిస్ట్రేషన్ శాఖ తాకట్టును నమోదు చేయగలిగినప్పుడు దీన్నీ చేయగలదు. చెన్నై నగరాభివృద్ధి సంస్థ సీఎండీఏ పటాల్లో ఆ హద్దులను, వాటి చుట్టూ కొంత దూరం వరకూ, వేరే రంగులో చూపాలి. లాస్కోలో పేలిన ఇల్లు హద్దు బయటిదే అన్నది మరవకూడదు. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ అయిన రేరాలో ప్రాజెక్టు నమోదు చేసే బిల్డరు ఆ వివరాలను ప్రకటనలోనూ, అమ్మకం ఒప్పందంలోనూ తమిళంలో పెట్టడం తప్పనిసరి చేయాలి. బోరు లాగులు ఆఫీసులో కుదించిన మూడు మాటలుగా కాక, ఫీల్డులో రాసినవి రాసినట్టు బయట పెట్టాలి.

జల్లెడ కింద మిగిలే నల్లమట్టి గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దాని ప్రయాణం ఎవరి కంటా పడదు. చెన్నై చుట్టుపక్కల పల్లపు ప్లాటు కొన్న ప్రతివాడికీ వానాకాలం ముందు నాలుగడుగులు ఎత్తు చేయించుకోవాలన్న ఆత్రం ఉంటుంది, చవగ్గా ఫిల్లింగ్ మట్టి దొరికితే వదులుకోడు. పాత చెత్తలోంచి వచ్చిన మట్టిలో బ్యాటరీల నుంచి, రంగుల నుంచి చేరిన సీసం, కాడ్మియం వంటి లోహాలు, పొడైపోయిన ప్లాస్టిక్ ఉండే అవకాశం ఉంది. పరీక్షించకుండా దాన్ని ఇళ్ళ ప్లాట్లలో, పెరళ్ళలో, బడి ఆవరణల్లో పోస్తే, పెద్ద దిబ్బ ఒకటి తీసి వెయ్యి చిన్న దిబ్బలు చేసినట్టే. ప్రతి లోడు ఎక్కడికి వెళ్ళిందో రికార్డు ఉండాలి, దిగిన ప్లాటు కాగితంలోనూ ఆ మాట ఎక్కాలి.

కట్టనే కూడదంటారా అని అడిగితే, నేలను బట్టి చెబుతాను. సియోల్‌లో నాన్‌జిడో అనే చెత్త ద్వీపాన్ని 1993లో మూసి, ఊటకు అడ్డుగోడ కట్టి, వాయువును గొట్టాలతో పట్టి వాడుకుంటూ, 2002 నాటికి ఉద్యానవనాలు చేశారు. పెరుంగుడిలో నా ఓటు దానికే, అది కూడా చిత్తడి నేలకు దాని నీటిని తిరిగి వదిలిన తరవాత. కొడుంగైయూర్‌లో గోడలు తక్కువగా, గాలి ఎక్కువగా ఉండే బస్సు డిపోలు, షెడ్లు, సోలార్ పలకలు, ఆటస్థలాలు కొన్నాళ్ళు ఉండవచ్చు. ఎప్పటికైనా భవనమే కావాలంటే, అడుగు అంతస్తును నేల నుంచి లేపి గాలి ఆడే ఖాళీ వదలాలి, స్లాబు కింద వాయువును ఆపే పొర పరచాలి, బయటికి వదిలే గొట్టాలుండాలి, వాయువును కనిపెట్టే మీటర్లను చూసే మనిషికి జీతం ఎవరిస్తారో ముందే తేల్చాలి. ఆఖరిది అన్నిటికంటే ముందు మరుగున పడుతుంది. బిల్డరు తాళాలు అప్పగించి వెళ్ళిపోయాక, అపార్ట్‌మెంటు సంఘం లిఫ్టు మరమ్మతుకే చందాలు వసూలు చేయలేక సతమతమవుతుంటే, మీథేన్ మీటరుకు బ్యాటరీ మార్చేదెవరు?

అన్నిటికంటే నన్ను బాధించేది, ఇటువంటి నేల చివరికి ఎవరి వంతుకు వస్తుందన్నది. డబ్బున్నవారు విచారించుకుని వేరే చోటు చూసుకుంటారు. కాలువ గట్ల నుంచి, రోడ్డు పక్కల నుంచి లేపిన పేదలకు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఇళ్ళు చూపిస్తారు. కొడుంగైయూర్ దిబ్బ పక్కనే ఎళిల్ నగర్‌లో ఇప్పటికే జనం ఉన్నారు. పునాది గోతుల్లోకి ముందుగా దిగేది కూలీలు. 2014 జూన్ 28న మౌలివాక్కంలో కట్టుబడిలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు, శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు ఎన్ని శవపేటికలు వెళ్ళాయో మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అది చెత్త మీద కట్టిన భవనం కాదు, దాని కారణాలు వేరు. కానీ నేలలో ఏముందో చెప్పకుండా గోతిలోకి దింపితే ఆ దిగేవారిలో మనవాళ్ళుంటారన్నది మాత్రం అక్కడ చూశాం. ఈ దిబ్బలను ఎత్తి పోసినవారి మనవలకే, వాటి మీద కట్టిన ఇల్లు చెప్పాపెట్టకుండా అంటగట్టే రోజు రాకూడదు.

మీ విలేకరులు ఎకరాల లెక్కతో పాటు, ఖాళీ చేసిన భాగాల్లో ఎన్ని బోర్లు వేశారో, ఎంత లోతు వరకు వేశారో, వాయువును ఏయే నెలల్లో కొలిచారో కూడా అధికారులను అడిగి ప్రచురించాలని కోరుతున్నాను. సమాచార హక్కు చట్టం కింద అడగవలసి వస్తే, ఏ పట్టికలు, ఏ లాగులు కావాలో రాసి ఇవ్వడానికి, వచ్చిన వాటిని చదివి వివరించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత భూపరీక్షల పర్యవేక్షకుడు,
వ్యాసర్పాడి, చెన్నై